ముందు వాడిన మందులు: ఏం లేవు

కోడింగ్ నేర్వనీకి వచ్చిన పిల్లలు మొదటి రోజే నన్ను అడిగేటోళ్లు: "మేడం, ఇది డాక్టర్ పనా, క్లర్క్ పనా?" రెండూ కాదని చెప్పేదాన్ని. డాక్టర్ రాసిన కాయితం చదివి, అండ్ల ఉన్న ప్రతి రోగానికి పుస్తకంల ఉన్న నెంబరు పెట్టుడే మన పని. ఆ నెంబరు చూసే ఇన్సూరెన్సోడు నమ్ముతడు. రేపు ఇంకో డాక్టర్ ఆ మనిషిని ముట్టకముందే ఆ మనిషి కథ అండ్ల చదువుతడు. మనం రోగి మొఖం కూడా చూడం. కానీ ఆ మనిషి గురించి లోకం నమ్మే మాట మన చేతులకెళ్లే పోతది.

గింత గొప్పగ చెప్పిన నేను, నా సొంత అన్న కాయితంల అబద్ధం రాయించిన. గది చెప్పనీకే గీ నాలుగు ముక్కలు రాస్తున్న. నాకొచ్చిన ప్రమోషన్లు, రిటైరైన రోజు కప్పిన శాలువలు పక్కకు పెడుతున్న. అవి చదివితే మీకొచ్చేదేం లేదు.

రికార్డు గదిల

నా పేరు సుగుణ. కరీంనగర్‌కు బస్సుల గంట దూరంల ఉన్న చిన్న పట్నం మాది. కరెంటు మగ్గాల ఊరు. మేం వాటిని సాంచెలంటం. పొద్దు మాపు ఆ సప్పుడుల పెరిగినోళ్లం కాబట్టి మా ఇంట్ల అందరం జర గట్టిగనే మాట్లాడుతం. నా కోపం కూడా ఆ సప్పుడుకెళ్లే వచ్చిందని మా అన్న అంటుండె.

మొదటి నౌకరి ఆదిలాబాద్ దిక్కు, ఉట్నూర్ కాడ ఒక దవాఖానల. రికార్డు గది అంటే పేరుకే గది. వానాకాలం పైకెళ్లి కురిసేది. ఫైళ్లను ఒక మూలకెళ్లి ఇంకో మూలకు మోసుడే సగం పని. అక్కడ నా మీది సార్ వామన్‌రావు. ఆయనది మహారాష్ట్ర సరిహద్దు కాడి ఊరు, తెలుగుల మరాఠీ కలిపి మాట్లాడేటోడు. ఎప్పుడు చూసినా నోట్లె వక్కపలుకు. మంచోడు అనను. అందరి ముందట తిట్టేటోడు, ఫైలు ఇసిరి కొట్టేటోడు. కానీ పని మాత్రం ఆయన కాడనే నేర్చుకున్న.

ఒకసారి అడవి ఊరు నుంచి జీపుల ఒకామెను తెచ్చిన్రు. వాంతులు, సోయి లేదు. నేను ఆమె కాయితం చూసి రిజిస్టర్ల ఎక్కిస్తున్న. ఆ కాయితంల ఒక గడి ఉంటది, "ముందు వాడిన మందులు" అని. ఆ గడిల "ఏం లేవు" అని రాసి ఉంది. నేను అట్లనే దించిన. వామన్‌రావు సార్ ఎనకకెళ్లి చూసిండు.

"కాయ్ బాయి, ఏం లేవని ఎవరు చెప్పిన్రు?"

"కాయితంల ఉంది సార్."

"లే. నడు."

వార్డుకు పట్టుకపోయిండు. ఆమె పెనిమిటి మంచం కాడ కింద కూసున్నడు. మందులేమన్న వాడిన్రా అని సార్ అడగలే. పోయి ఆయన పక్కన కూసొని, "నిన్న పొద్దుగాల లేచినకాడికెళ్లి ఆమె నోట్లెకు ఏమేం పోయింది, ఒక్కొక్కటి చెప్పు దాదా" అన్నడు. ఆయన మెల్లగ చెప్పుకుంట పోయిండు. జొన్న జావ. ఏదో వేరు అరగదీసిన రసం. దుకాణంల ఇచ్చిన తెల్ల గోలీలు రెండు. తగ్గలేదని మళ్ల రెండు. మాపటీలి ఇంకో రకం గోలీ. సార్ పోయి డాక్టర్‌కు చెప్పిండు, డాక్టర్ మందు మార్చిండు. నాలుగో రోజు ఆమె లేచి కూసున్నది.

గదికి వాపసొచ్చినంక సార్ నా రిజిస్టర్ మీద ఏలు పెట్టి అన్నడు: "ఏం లేవు అంటే ఏం లేవని కాదు బాయి. ఎవ్వడు సక్కగ అడగలే అని."

దవాఖానల తిడ్తరని జనం బుగులు పడి చెప్పరు. ఇంకొందరికి అది మందే అనిపియ్యది. పొట్లంల ఇచ్చింది, అంగట్ల కొన్నది మందుల లెక్కల రాదు. అడగనిదే అవ్వయినా పెట్టదంటరు గదా, అడగనిదే రోగి కూడా చెప్పడు. ఈ పనిల నేను నేర్చుకున్న మొదటి పాఠం గిదే. నడుమ ఎక్కడ మర్చిపోయిన్నో అది ముందట చెప్త.

అమెరికా కాయితాలు

చాన ఏండ్లు రికార్డు గదులల్ల తిరిగి తిరిగి, ఆఖరికి కరీంనగర్‌ల ఒక కోడింగ్ కంపెనీల పడ్డ. అక్కడ కంప్యూటర్ల అమెరికా దవాఖానల ఫైళ్లు వస్తయి. వాటిని చదివి నెంబర్లు పెట్టి పంపాలె. నా కింద కొత్త పిల్లలు, వాళ్ల పని దిద్దుడు, వాళ్లకు నేర్పుడు నా పని.

సుగరు జబ్బుకు పుస్తకంల ఒక్కటే నెంబరు ఉండది. నడీడుల వచ్చే మామూలు సుగరు, అంటే రెండో రకం సుగరు నెంబరు E11. ఎక్కువ మందికి ఇదే పడ్తది. అలవాటుతోని మన ఏళ్లు కండ్లు మూసుకొని ఇదే కొడ్తయి. మందుల వల్ల వచ్చే సుగరు వేరే, దాని నెంబరు E09. ఊపిరాడని దమ్ము రోగానికి, కీళ్లనొప్పులకు ఇచ్చే స్టెరాయిడ్ మందులున్నయి చూడుండ్రి, డాక్టర్ కొలిచి ఇస్తే అవి పానం కాపాడుతయి. అడ్డూ అదుపూ లేకుండ ఏండ్లకేండ్లు మింగితే కొందరికి సుగరు పుట్టిస్తయి. సుగరు ముదిరితే కిడ్నీల మీదికి పోతది. అప్పుడు E09 ఎనక కిడ్నీకి ఒక అంకె, కిడ్నీ ఎంత చెడ్డదో చెప్పే నెంబరు, ఏ మందు చేసిన పనో చెప్పే నెంబరు, వరుసగ పెట్టాలె.

గిక్కడొక తిరకాసున్నది. ఒకే మనిషికి సుగరు, కిడ్నీ జబ్బు రెండూ ఉంటే, డాక్టర్ వేరే కారణం చెప్తే తప్ప, ఒకదానితోనే ఇంకోటి వచ్చిందని పుస్తకమే ఒప్పుకుంటది. మందుకు, సుగరుకు నడుమ మాత్రం గట్ల ఒప్పుకోదు. ఆ మాట డాక్టర్ తన చేతితోని రాయాలె. కోడర్‌కు ఎంత తెలిసినా సొంతంగ అనుకొని పెట్టద్దు. ప్రశ్న రాసి డాక్టర్‌కు పంపాలె, జవాబు వచ్చేదాంక ఆగాలె.

మా మేనేజర్‌కు గీ ప్రశ్నలంటే ఒళ్లు మంట. ప్రశ్న పంపితే ఫైలు ఆగుతది, ఫైలు ఆగితే బోర్డు మీద ఆయన గీత కిందికి పోతది. "మేడం, మీరు కోడరా, పోలీసా?" అనేటోడు. గసొంటోళ్లు ప్రతి ఆఫీసుల ఉంటరు. వాళ్లతోని కొట్లాడుమని చెప్ప, నౌకరి మీది, కష్టం మీది. ఆయన మాటకు నవ్వి నేను మళ్ల ప్రశ్న పంపేదాన్ని.

ఒక ముసలామె ఫైలు యాదికున్నది. అమెరికాల ఏ ఊరో తెల్వది, పేరు కూడా మాకు కనవడది. దమ్ముకు చాన ఏండ్ల సంది స్టెరాయిడ్ గోలీలు. ఆ తర్వాత సుగరు. ఆ తర్వాత కిడ్నీ జబ్బు. పాత ఫైళ్లన్నిట్ల E11 ఉంది. నాకు ఆ వరుస నచ్చలే. ముందు మందు, ఎనక సుగరు. ప్రశ్న పంపిన. మూడు రోజులకు జవాబొచ్చింది, ఈమె సుగరు స్టెరాయిడ్ వల్లనే వచ్చిందని డాక్టర్ ఒప్పుకొని రాసిండు. E09 పెట్టిన. ఆ ప్రశ్నను కొత్త పిల్లలకు నమూనా అని చూపెట్టిన్రు. నాకు గర్వమనిపిచ్చింది, దాచుడెందుకు.

అప్పటికి మా అన్న అంగట్ల కొన్న పొట్లాలు మింగవట్టి ఆరేండ్లు. ఊరందరికీ శకునం చెప్పిన బల్లి కుడితిల పడ్డదంటే గిదే.

అన్న ఒళ్లు చేసిండు

మా అన్న మల్లేశం నాకన్న నాలుగేండ్లు పెద్ద. బాపు పోయినంక నన్ను చదివిచ్చింది ఆయనే. మస్కట్ పోయిండు, అక్కడి దుమ్ముకు దమ్ము పట్టుకుంటే రెండేండ్లకే వాపసొచ్చిండు. వచ్చి మళ్ల సాంచెల మీద పడ్డడు. సాంచెల కార్ఖానల గాలిల దూది పొట్టు తేలుతుంటది. దమ్మున్న మనిషికి అది ఇంకింత పాడు. నాలుగు అడుగులేస్తే ఆగి గోడ పట్టుకునేటోడు.

సోమవారం అంగడికి మంచిర్యాల దిక్కుకెళ్లి ఒకాయన వస్తుండె. బట్ట పరుచుకొని కూసొని దమ్ముకు, మోకాళ్ల నొప్పులకు పొట్లాలిచ్చేటోడు. న్యూస్ పేపర్ ముక్కల తెల్ల పొడి, ఒక సన్న గోలీ. పేరు లేదు, చీటీ లేదు. అడిగితే చెట్ల మందు అంటడు. అన్న మింగిన మూడో రోజుకే ఊపిరి తిరిగింది. నెల రోజులకు సాంచె మీద రెండు షిఫ్టులు చేసిండు. ఎండుకపోయిన దవడలు నిండినయి, మొఖం గుండ్రంగైంది. "మల్లేశం ఒళ్లు చేసిండు" అని వాడంత అన్నరు. మా లక్ష్మి వదిన దిష్టి తీసింది. నేను పోయినప్పుడు నేను కూడా అన్న, "అన్నా, ఇప్పుడు మంచిగున్నవ్" అని.

స్టెరాయిడ్‌తోని మొఖం ఎట్ల ఉబ్బుతదో నేను ఫైళ్లల్ల ఎన్నిసార్లు చదివిన్నో లెక్క లేదు. చదువుడే గానీ ఎన్నడూ చూడలే. చూసిన రోజు అది మా అన్న మొఖం, మంచిగైండని మురిసిన.

మూడేండ్లకు ఆయనకు నీళ్ల దూప ఎక్కువైంది, ఊకె మూత్రానికి లేస్తుండె. కరీంనగర్ తీసుకపోయిన. సుగరు బాగ ఉన్నదన్నరు. సిస్టర్ కాయితం నింపుకుంట అడిగింది, "ఇంకేమన్న మందులు వాడుతున్నరా?" అన్న నా దిక్కు చూసిండు. ఆ దవాఖానల సగం మంది నన్ను ఎరిగినోళ్లే. గింత చదువుకున్నామె అన్న అంగట్ల పొట్లాలు మింగుతడని చెప్పనీకి నాకు సిగ్గైంది.

"ఏం లేవు సిస్టర్" అన్న.

అంతటితోని ఊకోలే. "మా బాపుకు కూడా సుగరుండె" అని కలిపిన. ఇగ డాక్టర్‌కు అనుమానమెందుకొస్తది? రెండో రకం సుగరు అని రాసిండు. ఉట్నూర్ల వామన్‌రావు సార్ ఏలు పెట్టి చూపిన గడి అది. ఆ రోజు అడిగేటోళ్లున్నరు, సక్కగనే అడిగిన్రు. అబద్ధం చెప్పింది నేను.

శ్రావణి అడిగిన మాట

ఇంకో ఐదేండ్లు పోయినయి. ఆ ముసలామె ఫైలు పెట్టి నేను క్లాసు చెప్తున్న. శ్రావణి అని పెద్దపల్లి కాడి అమ్మాయి, చేరి నెల కూడా కాలే. మాట్లాడితే గొంతు పైకి లేవది. ఆ రోజు చెయ్యి లేపింది.

"మేడం, మా తాత దమ్ముకు పొట్లాలు మింగుతడు. ఆయన మొఖం కూడా గుండ్రంగైంది, ఆ తర్వాతనే సుగరొచ్చింది. గా పొట్లాలల్ల కూడా గీ స్టెరాయిడే ఉంటదా?"

నీళ్లు తాగి వస్తనని బయటికి పోయిన. అన్న కాళ్లు వాస్తున్నయని, రక్త పరీక్షల కిడ్నీ నెంబరు పెరిగిందని వదిన ముందటి వారమే ఫోన్ల చెప్పింది. సుగరున్నోళ్లకు అయితది తీ, అనుకున్న. పుస్తకం ఎట్ల ఒప్పుకుంటదో నేను అట్లనే ఒప్పుకున్న. ఎనకకు తిరిగి, సుగరు ఎక్కడికెళ్లి వచ్చిందని అడగలే.

ఆ శనివారం ఊరికి పోయిన. పాత కాయితాలన్నీ నేల మీద పరిచి, తారీఖుల వరుసల పెట్టిన, వేరే ఎవ్వలిదో ఫైలు చూసినట్టు. ముందు పొట్లం. ఎనక మొఖం. ఎనక సుగరు. ఎనక కిడ్నీ. ఎనిమిదేండ్ల సంది నా కండ్ల ముందటనే ఉన్నది.

కోపమొచ్చింది. ఎవరి మీద రావాలెనో వాళ్ల మీద రాలే. సందుగ పెట్టెల ఉన్న పొట్లాలన్నీ ఏరి బయట మురికి మోరీల పారేసిన. వదిన అడ్డమొస్తే ఆమెను కూడా తిట్టిన.

"చెల్లె, అది లేకుంటే నాకు ఊపిరాడదే" అన్నడు అన్న.

"నీ సుగరు దానితోనే వచ్చింది. కిడ్నీలు దానితోనే పోతున్నయి. ఇంకొక్కటి మింగినా నా మీద ఒట్టే."

అన్న ఖాళీ సందుగకు మూత పెట్టిండు. "సరే. నువ్వు చదువుకున్నదానివి, నీకెరుక" అన్నడు. ఆయన నా మాట కాదన్నది ఎన్నడూ లేదు.

నాలుగో రోజు పొద్దుగాల వదిన ఫోన్. వాంతులు, లేస్తే కండ్లు తిరుగుతున్నయట, సాంచె కాడికి పోయి అక్కడనే కూలిపోయిండట. కరీంనగర్ తెచ్చిన్రు. బీపీ అందలే. చిన్న వయసు కిడ్నీ డాక్టర్, నెమ్మది మనిషి, ఏమేం మింగిండని అడిగిండు. ఈసారి అన్నీ చెప్పిన, పొట్లాలు, మోరీ, ఒట్టు.

"ఏండ్ల సంది మింగేదాన్ని ఒక్కసారి ఎవరమ్మా ఆపమన్నది?"

"నేనే సార్."

"మీరేం చేస్తరు?"

"మెడికల్ కోడింగ్."

ఆయన కుర్చీ చూపెట్టి చెప్పిండు. ఏండ్లకేండ్లు స్టెరాయిడ్ బయటికెళ్లి వస్తే, ఒంట్ల దాన్ని తయారు చేసే గ్రంథి పని మర్చిపోతదట. మెల్లమెల్లగ, వారాలకు వారాలు తగ్గించుకుంట రావాలెనట. ఒక్కసారి ఆపితే మనిషి కూలుతడు. ఆయన చెప్తుంటే నేను తల ఊపుతున్న, కొత్తగ విన్నట్టు. కొత్త కాదు. గా ప్రమాదానికి పుస్తకంల ఒక నెంబరున్నది. నేను ఎన్నోసార్లు పెట్టిన నెంబరే.

డాక్టర్‌ను అడగకుండ సొంతంగ అనుకోవద్దని ఎంతమందికి నేర్పిన. అమెరికా ముసలామె గురించి మూడు రోజులు ఆగిన. అన్న కోసం ఒక్క ఫోన్ చేయలే. నా లెక్క తప్పలే, పొట్లంల ఉన్నది నేననుకున్నదే. లెక్క సరిగ్గ ఉండి కూడా మనిషిని పడగొట్టొచ్చని అప్పుడు తెలిసింది.

మందిచ్చి అన్నను లేపిన్రు. కానీ బీపీ పడిపోయిన ఆ కొన్ని గంటలల్ల, ముందే చెడ్డ కిడ్నీలు ఇంకింత చెడ్డయి. వారంల రెండుసార్లు డయాలసిస్ రాసిన్రు.

ప్రశ్న గుర్తు

కోడర్ బుద్ధి పోదు. అన్న జర కోలుకున్నంక డాక్టర్ కాడికి పోయి అడిగిన, "సార్, మందుల వల్ల వచ్చిన సుగరు, దానితోని కిడ్నీ జబ్బు అని ఫైలుల రాయుండ్రి."

"అయ్యుండొచ్చమ్మా. నేను కూడా అదే అనుకుంటున్న."

"మరి రాయుండ్రి."

"ఆ పొట్లం ఉందా? పరీక్షకు పంపుదం."

మోరీల పారేసిన సంగతి మళ్ల చెప్పిన. ఆయన మా అన్న పాత కాయితం తీసి నా ముందట పెట్టిండు. సుగరు కనవడ్డ రోజుది. ముందు వాడిన మందులు: ఏం లేవు. తండ్రికి సుగరు: ఉన్నది.

"ఇది చెప్పిందెవరు?"

నేనే అని చెప్పిన. ఆ దవాఖానల నేను ఆ మాట అనుడు అది రెండోసారి.

"సుగరు మొదలైనప్పుడు ఏం మింగిండో నేను చూడలే. మీరే అప్పుడు లేవన్నరు, ఇప్పుడు ఉన్నయంటున్నరు. పక్కాగ ఎట్ల రాయాలె?" అన్నడు. కోపంగ అనలే. ఒక మూలకు "స్టెరాయిడ్ వల్ల కావచ్చు" అని రాసి ప్రశ్న గుర్తు పెట్టిండు. ఆయన చేసింది తప్పని నేననను. నా కింద పనిచేసే పిల్ల సాక్ష్యం లేకుండ అంతకన్న ఎక్కువ రాస్తే నేనే దిద్దేదాన్ని.

తర్వాతి అడ్మిషన్ల ఎవ్వరో పాత ఫైలు చూసి కొత్తది దించిన్రు. ప్రశ్న గుర్తు దిగలే. రెండో రకం సుగరు, కిడ్నీ జబ్బు. ఆ తర్వాత ప్రతి కాయితంల అదే. మా సాంచెల వాడల సుగరుతోని కిడ్నీలు పోయినోళ్లు ఇంకా ఉన్నరు. వాళ్లల్ల ఎంతమందికి పొట్లాలతోని వచ్చిందో ఎవ్వలకు తెల్వది. అన్ని ఫైళ్లు ఒక్క తీరుగనే ఉంటయి. పొట్లాలతోని వచ్చే సుగరు లేదని కాదు, ఏ గడిల రాసి లేదు కాబట్టి ఎవ్వలూ వెతకరు.

పిల్లలకు చెప్పేది ఉంటే గిక్కడనే చెప్త. గీ పనిల తప్పు నెంబరు పెట్టుడు చిన్న తప్పు, దిద్దొచ్చు. మొదటి కాయితంల పడ్డ అబద్ధాన్ని మాత్రం ఎవ్వరూ దిద్దలేరు. దాన్ని దించుకుంటనే పోతరు, దించినోళ్లెవ్వరిదీ తప్పు కాదు. మీ ఇంటోళ్లను దవాఖానకు తీసుకపోతే సిగ్గు గడప బయట ఇడిసి పోండ్రి. ఏం మింగిన్రో అంతా చెప్పుండ్రి. మీకు ఏదన్న తెలిసిందనిపిస్తే, తెలిసినంక కూడా అడుగుండ్రి.

అంగడి

అన్న ఏడాదిన్నర డయాలసిస్ మీద బతికిండు. నేను రిటైరైన ఎనక ప్రతిసారి నేనే తీసుకపోయేదాన్ని. మిషిను కాడ నాలుగు గంటలు, ఆయన మంచం మీద, నేను స్టూలు మీద. ఒక్కసారి కూడా నన్ను అనలే. అంటే బాగుండు అనిపిచ్చేది. ఒకనాడు మాత్రం అడిగిండు, "చెల్లె, మెల్లగ మానిపిస్తే నేను నడుస్తుంటినా?" అని.

"తెల్వదన్నా. కిడ్నీలైతే అప్పటికే చెడ్డయి" అన్న.

"సరే తీ" అని అటు దిక్కు తిరిగి పండుకున్నడు.

చలికాలంల పోయిండు. పదకొండో రోజు ఇంట్ల చుట్టాలు, సాంచెల కాడోళ్లు కూసున్నరు. అన్న పక్క సాంచె నడిపేటాయన భార్య మా వదిన చెవుల అడుగుతుంటే నాకు ఇనవడ్డది. ఆమె పెనిమిటికి కూడా దమ్మే, గోడ పట్టుకొని నడుస్తున్నడట. ఆ పొట్లాలాయన ఇంకా వస్తుండా, ఏ పక్కకు కూసుంటడని అడుగుతుంది. వదిన చెప్తుంది, చెప్పుల దుకాణం పక్కకని.

"వద్దు వదినా, చెప్పకు" అన్న.

వదిన నా దిక్కు చూసింది. కండ్లల్ల కోపం లేదు, అలిసిపోయినట్టు ఉన్నయి. "నువ్వు ఊకో సుగుణా. మింగినన్ని రోజులు మంచిగనే ఉండె గదా. రెండు షిఫ్టులు చేసిండు. నువ్వు పారేసిన నాలుగో రోజు పడ్డడు. వాడంత చూసింది."

వాడంత చూసింది నిజమే. ఎనిమిదేండ్లు లోపల ఏమైందో వాళ్లకు కనవడలే. నాలుగు రోజులల్ల ఏమైందో అందరికి కనవడ్డది.

ఆ పొట్లాలాయన మీద మందుల తనిఖీ ఆఫీసుల ఫిర్యాదు రాసి ఇచ్చిన. ఒక సోమవారం వాళ్ల జీపు వచ్చింది, ఆ సోమవారం ఆయన రాలే. ఆ పై సోమవారం మళ్ల వచ్చిండు. నేను పోయి చెప్పుల దుకాణం కాడ నిలబడ్డ. ఇంతకు ముందు నలుగురైదుగురు ఉండేటోళ్లు, ఇప్పుడు వరుస కట్టిన్రు. పక్క సాంచె ఆయన భార్య కూడా ఉన్నది, నన్ను చూసి కొంగు సవరించుకొని అటు తిరిగింది. ఆ పొట్లాలాయన నన్ను ఎరుగడు. పేపరు ముక్కలు మడతపెట్టుకుంట ఒక్కొక్కరికి నెమ్మదిగ చెప్తుండు.

"నడుమ మానద్దమ్మా. ఎవ్వలు చెప్పినా మానద్దు. గీ ఊరి సాంచెలాయన ఒకాయన ఎవరో చెప్పిన్రని ఒక్కసారి మానిండు, నాలుగో రోజుకు పడ్డడు. ఎరుకే గదా మీకు."

వరుసల ఉన్నోళ్లు తల ఊపిన్రు. కొందరు నా దిక్కు చూసిన్రు. ఆయన చెప్పినవాట్ల గా ఒక్క మాట నిజం. అది నేను కాదనలేకపోయిన.